రెండంగుళాల ఎత్తు

మా ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి. బండి మాత్రం తారు రోడ్డు వదిలి మట్టిలోకి దిగి, నేరుగా కంపచెట్ల వైపు పోతోంది. "ఏమయ్యా" అన్నాను. పలకలేదు. "ఏమయ్యో, నిన్నే!" అని అరిచాను. ఆ మొహంలో నేనెవరో తెలిసిన గుర్తు కూడా లేదు. పక్క సీట్లోంచి వంగి స్టీరింగు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. బండి అటూ ఇటూ ఊగి మళ్ళీ రోడ్డెక్కింది. వెనక గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి అరిచాయి. అప్పుడు ఆయన నావైపు తిరిగి, "ఏందిమే, స్టీరింగు మీద పడతావు? పిచ్చిగాని పట్టిందా నీకు?" అన్నాడు.

తనకేం జరిగిందో ఆయనకు తెలియదు. తెలియకపోవడమే ఆ జబ్బు. నేను జరిగింది చెబితే నవ్వాడు. కునుకు పట్టి ఉంటుందన్నాడు. కునుకు పట్టినవాడి రెప్పలు వాలతాయి, నీ రెప్పలు వాలలేదు అన్నాను. "నువ్వు అంగన్‌వాడీ టీచరువా, కళ్ళ డాక్టరువా?" అన్నాడు. డేవిడ్‌రాజుతో వాదన పెట్టుకుంటే ఇంతే. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క వాదనలోనూ నేను నెగ్గలేదు, ఒక్కదానిలోనూ ఓడిపోయానని ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ఒకసారి వాకిట్లో పళ్ళు తోముకుంటూ అలాగే నిలబడిపోయాడు. ఈసారి నేను ఊరుకోలేదు. మోకాలికి చూపిద్దామని అబద్ధం చెప్పి నెల్లూరు తీసుకుపోయాను. డాక్టరు తలకు వైర్లు అతికించి, కాగితం మీద గీతలు చూసి, ఇది మూర్ఛలో ఒక రకమన్నాడు. కింద పడిపోరు, కాళ్ళూ చేతులూ కొట్టుకోరు, ఉన్నచోటే కాసేపు లేకుండా పోతారు అన్నాడు. మందులు వాడాలి, నేను చెప్పేదాకా బండి తోలకూడదు అన్నాడు. మా ఆయన బడిపిల్లాడిలా తలూపాడు. ఆస్పత్రి మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళినాడు పట్టుకున్నదానికంటే గట్టిగా.

"ఈ మాట మూడో మనిషికి తెలిసిందంటే, ఆ రోజే నేను చచ్చినట్టు లెక్క. నాకు మాటియ్యి."

ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. మా పల్లెలో ఓబమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకు మూర్ఛ అని తెలిసిన నాటినుంచి పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, ఎవరి చంటిబిడ్డనూ ఎత్తుకోనివ్వలేదు. ప్రతి ఆదివారం గుళ్ళో ముందుకు పిలిచి, తల మీద చేతులుంచి గట్టిగా ప్రార్థన చేసేవాళ్ళు. ఆ చేతులే, బయటికొచ్చాక ఆమె మంచినీళ్ళు అందిస్తే తీసుకునేవి కావు. ఆమె కూర్చున్న చాప చివర కూడా ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మా ఆయన సంఘంలో డీకను, అంటే గుడి పెద్దల్లో ఒకడు. ఆ చాప మీద తను కూర్చోవడం ఊహించుకోలేకపోయాడు. నేను మాటిచ్చాను. ఇచ్చిన వారానికే తెలిసింది, మబ్బుగా ఉంటోందని మాత్రలు మానేశాడని. బండి మాత్రం మానలేదు.

ఇక్కడే నా గుండెలో రాయి పడింది. ఈస్టరు వెళ్ళాక ఒక ఆదివారం మా సంఘం బాప్తీస్మాలకు పెన్న ఒడ్డుకు పోతుంది, సోమశిలకు దిగువన. తెల్లబట్టలు కట్టుకున్న పిల్లలందరినీ మా పికప్‌లో ఎక్కిస్తారు. తోలేది మా ఆయనే. దానికి డబ్బు తీసుకోడు, డీజిలు కూడా పోయించుకోడు. అది నా సేవ అంటాడు. ఒకప్పుడు ఆయన బండెక్కి పోయి నీళ్ళలో మునిగి వచ్చినవాళ్ళు ఇప్పుడు తమ తమ్ముళ్ళనూ మేనకోడళ్ళనూ తెచ్చి ఎక్కిస్తున్నారు. ఏటి ఒడ్డుకు దిగే దారి ఏటవాలు. ఒక పక్క బండలు, ఇంకో పక్క పల్లం. నిండుగా పిల్లలున్న బండి ఆ దారిలో దిగుతున్నప్పుడు ఆయన ఒక్క నిమిషం లేకుండా పోతే? ఈ ఏడు మా షైనీ కూడా బాప్తీస్మానికి పేరిచ్చింది. మాకున్నది ఆ ఒక్క కూతురే.

బండి ఎత్తు పెంచాలన్న ఆలోచన నాది కాదు, మా మరిది దయాసాగర్‌ది. అన్నదమ్ములిద్దరిదీ ఆ బండి. కొండవార పల్లెల నుంచి గొర్రెలు, మేకలు, కట్టెలు, ఏది దొరికితే అది వేస్తారు. నిరుడు బాప్తీస్మాల రోజున ఒడ్డుకు దిగేటప్పుడు బండి కడుపు బండకు తగిలి నిలబడిపోయింది. పిల్లలందరూ దిగి నెట్టాల్సొచ్చింది. డ్రైవరు తలుపు కిందుండే ఇనప మెట్టు రాయికి కొట్టుకుని వంగిపోయింది. అప్పటినుంచి దయాసాగర్ ఫోన్లో వీడియోలు చూసి చూసి, "అన్నా, ఎక్కువొద్దు, రెండంగుళాలు లేపిద్దాం. యాడికైనా పోతాది" అని పోరుతున్నాడు. మా ఆయనకు బండి మీద రూపాయి పెట్టడమంటే పండగే. నాకు ఒక కొత్త చీర కొనాలంటే మాత్రం లెక్కలన్నీ గుర్తొస్తాయి.

అలా ముగ్గురం ఆత్మకూరు పోయాం. దయాసాగర్‌నే తోలమన్నాను, నాకు నీతో మాట్లాడాల్సిన పనుంది అని మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ దారంతా ఇంటి కబుర్లు చెప్పాను. షైనీకి తెల్ల గుడ్డ కొనాలన్నది నా సాకు. గుడ్డ కొనడం ఎంతసేపు! కొనేసి, పెంచలనరసయ్య షాపుకొచ్చి కూర్చున్నాను. ఆయన కమాన్ల మేస్త్రి. చక్రాల మీద బరువు మోసే ఇనప పట్టీల కట్టల్ని కమాన్లంటారు. మనిషి సన్నగా ఉంటాడు, మాట దురుసు, పని శుభ్రం. మా మామగారి ఎడ్లబండి కమాన్లు కూడా ఆయన నాన్నే చేశాడని చెప్పి, ఆ చుట్టరికంతో నన్ను అక్కా అంటాడు.

బండిని జాకీలతో లేపి చట్రం కింద చెక్క దిమ్మలు పెట్టారు. చక్రాలూడదీశారు. తుప్పు పట్టిన బోల్టులు తిరక్కపోతే డీజిలు పోసి నానబెట్టి, అప్పటికీ రాని వాటిని గ్యాసుతో కోసేశారు. కమాను కట్ట విప్పితే పట్టీల మధ్యనుంచి ఎర్రటి పొడి రాలింది. పెంచలనరసయ్య ఒక్కొక్క పట్టీని గోనెపట్టతో తుడిచి, గ్రీజు పూసి, కొత్త పట్టీ ఒకటి కలిపి కట్టాడు. ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనప దిమ్మ పెట్టి, పొడుగాటి కొత్త బోల్టులు వేశాడు.

"వెనక మాత్రమే లేపితే బండి ముక్కు నేలకు పెడతాది. ముందు గూడా పట్టీ వేసి లెవల్ చెయ్యాల" అన్నాడు దయాసాగర్‌తో.

"ఇంకో అంగుళం లేపకూడదా?" అని నేనడిగాను.

"యాల? కొండెక్కిస్తావా బండిని? అంతకు మించితే బ్రేకు పైపులు లాగతాయి, బరువులో మలుపు తిరిగితే బండి పక్కకు ఒరుగుతాది. రెండే."

దయాసాగర్ మా ఆయన్ని తీసుకుని టీ తాగడానికి పోయాడు. నేను కూర్చున్న బల్ల పక్కనే, విప్పి పడేసిన ఇనప మెట్టు ఉంది. దాన్ని చూస్తుంటే నాకు ఆ ఆలోచన తట్టింది. మా ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. ఇది ఊరంతటికీ తెలిసిన జబ్బే. క్లచ్ తొక్కడానికి ఇబ్బంది లేదు, కాలు చాపితే సరిపోతుంది. ఎక్కడమే కష్టం. ఆ మెట్టు మీద కాలుపెట్టి, తలుపు పట్టుకుని, "యేసయ్యా" అంటూ ఎక్కుతాడు. ఇప్పుడు బండి రెండంగుళాలు లేచింది. మెట్టు కూడా లేకపోతే ఆయన ఎక్కలేడు. ఎక్కలేకపోతే తోలలేడు. మూర్ఛ మాట ఎత్తక్కర్లేదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మోకాలిదే నెపం. డీకను డీకనుగానే ఉంటాడు, పిల్లలు పిల్లల్లాగే తిరిగొస్తారు.

"నరసయ్యా, ఆ మెట్టు మళ్ళా బిగించబాకు" అన్నాను.

ఆయన తలెత్తాడు. "వంగింది గదా, సుత్తితో రెండు దెబ్బలేస్తే సాపవుతాది. బండి ఎత్తయినాక మెట్టు లేకుంటే మీ ఆయన ఎట్ట ఎక్కతాడు?"

"ఎక్కే పన్లేదు."

పానా కింద పెట్టి నావైపు చూశాడు. "అక్కా, అన్నదమ్ములకు బండికాడ ఏమన్నా తగువుండాదా? ఉంటే మీరు మీరు తేల్చుకోండి. నా చేత ఇట్టాంటి పని చేయించబాకు."

"తగువు లేదు, ఏమీ లేదు. బండలకు తగిలి ఊడి ఎవరికాలి మీదన్నా పడతాది, అందుకని."

నమ్మలేదు. నమ్మినట్టు కూడా నటించలేదు. మెట్టును మాత్రం బిగించకుండా బండి వెనక పడేశాడు. చక్రాలు బిగించి, కిందికి దించి, నాలుగు పక్కలా టేపుతో కొలిచాడు. బండి సమంగా, గంభీరంగా నిలబడింది. బరువు మీద కొన్ని రోజులు తిరిగాక కొత్త పట్టీలు సర్దుకుంటాయి, అప్పుడు తెచ్చి బోల్టులు మళ్ళీ బిగించుకు పోవాలని దయాసాగర్‌కు చెప్పాడు. మా ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, తృప్తిగా చూసి, పక్క సీటు వైపు మెట్టుందిగా, అటే ఎక్కి కూర్చున్నాడు. అప్పటికి ఆయన ఏమీ గమనించలేదు.

మర్నాడు పొద్దున్నే గమనించాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. డ్రైవరు తలుపు తీశాడు. కాలితో మెట్టు కోసం గాల్లో వెతికాడు. వంగి కిందికి చూశాడు. ఎడమకాలు రెండుచేతులతో పట్టి పైకెత్తబోయాడు. మోకాలు వంగితే గదా! పక్క సీటు వైపు నుంచి ఎక్కినా, మధ్యలో గేరు రాడ్డు దాటాలంటే ఆ మోకాలే వంగాలి. తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి అటూ ఇటూ చూశాడు. తర్వాత తలుపు మెల్లిగా మూసేసి, గుడ్డ తెచ్చి అద్దం తుడవడం మొదలుపెట్టాడు, దానికోసమే వచ్చినట్టు. నాకు ప్రాణం ఉసూరుమంది. అయినా గిన్నె పొయ్యి మీద పెట్టి ఊరుకున్నాను. ఇంట్లో ఉన్న ఒక్క ముక్కాలిపీటనూ ఆరోజే అంగన్‌వాడీకి తీసుకుపోయాను. అది అనవసరమని తర్వాత తెలిసింది. "పీట వేసుకుని ఎక్కేవాడు డ్రైవరేందిరా" అని ఆయనే తమ్ముడితో అన్నాడు.

ఆ వారాలు మా ఇంట్లో ప్రశాంతంగా గడిచాయి. దయాసాగర్ తోలుతున్నాడు. మా ఆయన పక్కన కూర్చుంటున్నాడు, లేదా ఇంట్లోనే ఉంటున్నాడు. నేను పోరగా పోరగా మాత్రలు కూడా మళ్ళీ మొదలుపెట్టాడు. రాత్రుళ్ళు నాకు నిద్ర పట్టింది. ఇంకొంచెం కాలం ఇలా జరిగిపోతే చాలనుకున్నాను.

బోల్టులు బిగించుకు రావడానికి దయాసాగర్ ఆత్మకూరు పోయిన రోజున అంతా బయటపడింది. వాడికి కల్లాకపటం తెలియదు. బండి దిగీ దిగగానే వాకిట్లోంచే, "అన్నా, ఆ మెట్టు వేసియ్యమంటే నరసయ్య వేయలా. మీ వదిన వద్దనింది, ఆమెనడుగు అన్నాడు" అని అరిచి చెప్పి, స్నానానికి పోయాడు.

మా ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడన్నాడు. "నన్ను కుంటోణ్ణి చేసినావు గదా."

"కుంటోడివైనా బతికుంటావు. ఆ రోజు స్టీరింగు నేను తిప్పకుంటే ఏమయ్యుండేది?"

"ఏమయ్యుండేది? ఏమీ కాదు. నాకేం జరగలా. జరిగుంటే నాకు తెలీకుండా ఉంటాదా?"

"నీకు తెలీదనే గదా డాక్టరు చెప్పింది!"

"డాక్టరు నాతోపాటు బండిలో ఉన్న్యాడా? నువ్వు చెప్పిందే ఆయన చెప్పినాడు." గొంతు తగ్గించాడు, లోపల షైనీ ఉందని. "నీ ఒక్కదాని మాటమీద నేను నా బతుకంతా పక్కన పెట్టాల్నా?"

ఆయనకు అదెంత కష్టమో ఆ మాటతో నాకు తెలిసొచ్చింది. గుర్తే లేని తప్పుకు శిక్ష వేస్తున్నాను. అయినా నేను వెనక్కి తగ్గలేదు. బాప్తీస్మాల రోజున నువ్వు తోలనని చెప్పు, చెప్పకపోతే నేనే పాస్టరు అయ్యగారి దగ్గరికి పోతానన్నాను. నాకు మాటిచ్చావన్నాడు. బిడ్డను కూడా కన్నానన్నాను. చివరికి, "సరే, దయా తోలతాడు. నేను పక్కన కూచుంటా. ఇంక చాలా?" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకునే మనిషే. ఆ సంగతిలో మా ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే గుడి ముందు బండి పెట్టారు. బండి తుడిచి, కొత్త చాపలు పరిచారు. పిల్లలు ఒక్కొక్కరే గుడి అరుగు మీద నిలబడి సాక్ష్యం చెప్పి, బండి ఎక్కుతున్నారు. ఎక్కేముందు సంఘం ఎదుట తన బతుకు గురించి నిజం ఒకటి చెప్పాలన్నది మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఒకడు ఫోన్ దొంగిలించానన్నాడు, ఒకమ్మాయి అమ్మను తిట్టానని ఏడ్చింది. మా షైనీ చాలా చిన్నగా ఏదో చెప్పింది, నాకు వినపడలేదు. చెప్పి, ఎక్కి, సరిగ్గా డ్రైవరు సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడింది. తెల్లబట్టల్లో నా కూతురు ఎంత బాగుందో! దయాసాగర్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. మా ఆయన ఇంకా కిందే, జనంలో నిలబడి ఉన్నాడు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

పాస్టరు సామ్యేలు అయ్యగారు ప్రార్థన చెయ్యడానికి బండి మీద చెయ్యి పెట్టి, లోపలికి చూసి ఆగారు. "ఇదేంది? డేవిడ్‌రాజన్న యాడ?"

"అన్నకు మోకాలు బాలేదయ్యగారూ. బండి ఎత్తయింది, ఎక్కలేడు" అన్నాడు దయాసాగర్.

"ఎక్కలేకపోతే ఎక్కిద్దాం. మన పిల్లల్ని ఆయన కాక ఇంకెవరు తీసుకుపోతారు?"

అంతే. పాలకేంద్రం నడిపే అతను, కరెంటు లైన్‌మన్, ఇంకో ఇద్దరు ముందుకొచ్చారు. నలుగురూ ఒకప్పుడు మా ఆయన బండిలో ఏటికి పోయినవాళ్ళే. ఆయన "వద్దురా, వద్దురా" అంటూనే ఉన్నాడు. ఇద్దరు చేతులు పెనవేసి కుర్చీ కట్టారు, ఇద్దరు వీపు పట్టారు. ఎవరో పాట ఎత్తుకున్నారు, ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. దయాసాగర్ నవ్వుతూ అటువైపు నుంచి దిగిపోయాడు. నేను "ఆగండి, ఆగండి" అన్నాను. చప్పట్లలో ఎవరికి వినపడుతుంది? ఎంత ప్రేమో వాళ్ళకు! ఆ ప్రేమను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కడైనా ఆ మనిషికి ఇంకేమైనా బాధ ఉందేమోనని అడగడు. ఎత్తి కూర్చోబెట్టడమే తెలుసు వాళ్ళకు.

మా ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టాడు. ఆ మొహం నేను జన్మలో మర్చిపోలేను. మా షైనీ పుట్టినప్పుడు కూడా అంత వెలగలేదు. అద్దంలోంచి నావైపు చూశాడు. ఈ ఒక్కరోజుకు వదిలెయ్యి అని ఆ చూపు. తాళం తిప్పాడు. ఇంజను పలికింది.

నేను పోయి బండికి ఎదురుగా నిలబడ్డాను.

"తప్పుకో కృపమ్మా, టైమయింది" అన్నారు అయ్యగారు.

"పిల్లల్ని దించండి" అన్నాను. "ఆయనకు మూర్ఛ ఉండాది. కళ్ళు తెరుచుకోనే తెలివిలేకుండా పోతాడు. నేను నా కళ్ళతో చూసినాను. నెల్లూరు డాక్టరు బండి తోలొద్దన్నాడు. మీ బిడ్డల్ని దించుకోండి."

పాట ఆగిపోయింది. ఎవరో "ఏం మాటలమ్మా అవి, మంచి రోజున" అన్నారు. ఇంకెవరో, మొగుడూ పెళ్ళాలకు గొడవేమో అన్నారు. నేనంటే వాళ్ళకు నోటి దురుసు మనిషని పేరుంది, నా మాటకు విలువెంత? అయ్యగారు డ్రైవరు తలుపు దగ్గరికి పోయారు. "డేవిడ్‌రాజన్నా, నిజమేనా? నువ్వు ఎట్ట చెప్తే అట్ట."

ఇంజను నడుస్తూనే ఉంది. లేదు అని ఒక్కమాట అంటే చాలు, అందరూ నమ్ముతారు. పైగా ఆయన దృష్టిలో అది అబద్ధం కూడా కాదు.

"నాకు గుర్తు లేదయ్యగారూ" అన్నాడు.

అప్పుడు షైనీ బండి పక్క రేకు దాటి కిందికి దూకింది. తెల్ల లంగాకు మట్టి అంటింది. తండ్రి పక్కకు పోయి, కిటికీ కిందనుంచి, "నాయనా, మొన్న అన్నం తింటా తింటా ముద్ద చేతిలో పట్టుకోని అట్టే ఉండిపోయినావు. నేను పిలిచినా పలకలా. అమ్మకు చెప్తే భయపడతాదని చెప్పలా. ఇప్పుడు సాక్ష్యంలో చెప్పబోయినాను, నోరు రాలేదు" అంది. అని ఏడ్చింది.

ఆయన ఇంజను ఆపేశాడు.

తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని దించుకున్నారు. మా ఆయన తలుపు తెరిచి, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్నాడు. నేల చాలా కింద ఉంది. మెట్టు లేదు. ఆయన ఆ నలుగురి వైపు చూశాడు, ఇందాక ఎత్తినవాళ్ళ వైపు. లైన్‌మన్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. పాలకేంద్రం అతను తన చేతులు చూసుకుంటున్నాడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఓబమ్మ గుర్తొచ్చి ఉంటుంది. అయ్యగారు కూడా బైబిలు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. మా ఆయన ఎవరినీ పిలవలేదు. అంతమంది మధ్య, అంత ఎత్తున, ఒక్కడే అలా కూర్చున్నాడు. దయాసాగర్ అటువైపు నుంచి పరిగెత్తుకు రాబోతే చెయ్యెత్తి ఆపాడు.

తర్వాత నావైపు చూశాడు.

"మెట్టు తీయించింది నువ్వే గదా. నువ్వే దించు."

పోయి భుజం అడ్డం పెట్టాను. ఆయన బరువంతా నా మీద పడింది. నిలదొక్కుకున్నాను. కాళ్ళు నేలకు ఆనగానే చెయ్యి తీసేశాడు.

అయ్యగారు అప్పటికి తేరుకుని, అన్నా, పక్క సీట్లో కూర్చుని రా, నీ బిడ్డ బాప్తీస్మం గదా అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. షైనీ నేనూ పోనంది. "పో. నువ్వు నిజం చెప్పినావు. పొయ్యి మునుగు" అన్నాడు. నన్ను కూడా పొమ్మన్నాడు. నేను పోలేదు. పోయి ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టే శక్తి నాకు లేదు, ఆయన్ని ఒంటరిగా వదిలే ధైర్యం అంతకన్నా లేదు. పిల్లలు మళ్ళీ ఎక్కారు. దయాసాగర్ కళ్ళు తుడుచుకుంటూ తోలాడు. బండి గుంతల మీద ఊగకుండా, ఎక్కడా నేలకు తగలకుండా నిమ్మళంగా పోయింది.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాం, ఆయన ఒక చివర, నేను ఒక చివర. కాఫీ ఇస్తే తీసుకున్నాడు, తాగలేదు. వీధిలో పోయేవాళ్ళు మా వైపు చూసి చూపు తిప్పుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ఆయన మీద, వాళ్ళ మీద, ఏ గీతల్లోనో కనపడే ఆ మాయదారి జబ్బు మీద. నేను చేసింది సరైందే. సరైన పని చేసినదానికి మనసు ఇంత పాడుగా ఉండడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఎండ అరుగు మీదికి వచ్చింది. ఆయన పొద్దు వైపు చూసి, నాతో కాదన్నట్టుగా అన్నాడు.

"ఈపాటికి షైనీ నీళ్ళలోకి దిగుంటాది."

"దిగుంటాది" అన్నాను.